“సాయంత్రంలోగా డబ్బు పంపకపోతే వీడియో అందరికీ పంపుతాం” అంటున్నారు, ఇప్పుడేం చేయాలి?

ఇకపై చిల్లిగవ్వ కూడా పంపనివ్వకండి. భయంతో ఖాతా తొలగించనివ్వకండి. ఈ రాత్రి మీ తమ్ముణ్ణి ఒంటరిగా వదలకండి. మిగతావన్నీ ఈ మూడింటి తర్వాతే.

మీరు రాసినదాన్ని క్రమంలో పెడతాను. ఇదే కష్టంలో ఉన్న మరొకరికీ పనికొస్తుంది. మీ తమ్ముడికి పంతొమ్మిదేళ్లు. పరిచయం లేని అమ్మాయి పేరుతో ఫ్రెండ్ రిక్వెస్ట్ వచ్చింది. రెండు రోజులు కబుర్లు సాగాక వీడియో కాల్‌కు రమ్మన్నారు. కాల్ ముగిసిన కాసేపటికే అతని వీడియోనూ, అతని స్నేహితుల జాబితానూ పక్కపక్కన పెట్టి పంపి డబ్బు అడిగారు. భయపడి అడిగినంతా పంపేశాడు. మర్నాడు అంతకు రెట్టింపు అడిగారు, ఈ సాయంత్రం దాకా గడువు పెట్టారు. అతను తిండి మానేసి గది తలుపు వేసుకున్నాడు. మీరు అడిగినవి మూడు: మిగతా డబ్బు ఇచ్చేస్తే వదిలేస్తారా, పోలీసుల దగ్గరికి వెళ్తే కక్షకొద్దీ బయటపెడతారా, నాన్నగారికి చెప్పాలా వద్దా.

ఆన్‌లైన్ మోసాల బాధితులకు సాయపడే పనిలో చాలాకాలంగా ఉన్నాను. నాకు తెలిసినంతవరకు చెబుతాను.

మొదటి ప్రశ్నకు జవాబు మీ తమ్ముడి అనుభవంలోనే ఉంది. మొదటిసారి ఇచ్చాడు కాబట్టే రెండోసారి అడిగారు. డబ్బు అందిన క్షణంలో అవతలివారికి రెండు సంగతులు తెలిసిపోతాయి: ఇతను భయపడ్డాడు, ఇతని దగ్గర డబ్బు పుడుతుంది. ఆ తర్వాత వదిలిపెట్టడానికి వాళ్లకు కారణమే లేదు. వీడియో తొలగించామని వాళ్లు పంపే స్క్రీన్ రికార్డింగ్‌కు విలువ లేదు, ఎన్ని నకళ్లు ఉన్నాయో మనం చూడలేం.

ఇవ్వకపోతే బయటపెట్టరని మాత్రం నేను హామీ ఇవ్వను. ఒక్కోసారి ఒకరిద్దరికి పంపుతారు. డబ్బు ఇచ్చినవారి విషయంలోనూ పంపిన సందర్భాలు ఉన్నాయి. అయితే వాళ్ల లెక్క ఒకటుంది. వీడియో బయటపెడితే వాళ్లకు పైసా రాదు. పైగా చేతిలో ఉన్న ఒకే ఒక్క బెదిరింపు ఖర్చయిపోతుంది, ఖాతా మూతపడే ప్రమాదం పెరుగుతుంది. జవాబివ్వని మనిషి మీద గంటలు వెచ్చించడం కన్నా, ఇప్పుడే వణుకుతూ జవాబిస్తున్న ఇంకొకరి మీద పడటం వాళ్లకు లాభం.

ఇది ఎవరో ఒక్కడు మీ తమ్ముడి మీద పగబట్టి చేస్తున్న పని కాదని అతనికి అర్థమయ్యేలా చెప్పండి. 2024 జులైలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లను నడిపే మెటా సంస్థ నైజీరియా నుంచి నడుస్తున్న సుమారు 63,000 ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలను ఇలాంటి బెదిరింపుల కారణంగానే తొలగించింది. వాటిలో దాదాపు 2,500 ఖాతాల వెనక ఉన్నది సుమారు 20 మంది. ఇంకో సంగతి అప్పుడే బయటపడింది. బెదిరించడానికి వాడే సందేశాల నమూనాలను, నకిలీ ప్రొఫైళ్లకు కావలసిన ఫోటోల కట్టలను పంచుకునే ఫేస్‌బుక్ గ్రూపులు కూడా వేలల్లో దొరికాయి. నైజీరియా ఒక ఉదాహరణ మాత్రమే, ఇలాంటి ముఠాలు చాలా దేశాల్లో ఉన్నాయి. మీ తమ్ముడు తనకోసమే రాశారనుకుని వణికిపోతున్న మాటలు, బహుశా ఇదే గంటలో పేరు మాత్రం మార్చి మరెందరికో వెళ్లి ఉంటాయి.

ఆ మాటల తీరు దగ్గరగా చూడండి. మొదట మీ బంధువు ఒకరి పేరు మీద సందేశం పెట్టె తెరుస్తారు. వీడియో జత చేస్తారు, కానీ పంపరు. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు. తర్వాత “10 నిమిషాలు” అంటారు. తర్వాత 9, 8, 7 అంటూ ఒక్కో అంకె వస్తుంది. మధ్యలో కాల్ చేసి కట్ చేస్తారు. ఫోను ఆగకుండా మోగుతూ ఉంటే ఆలోచించడానికి క్షణం దొరకదు, పక్కవారితో మాట్లాడటానికి అసలే దొరకదు. వాళ్లకు కావలసిందీ అదే. ఇక కాల్‌లో కనిపించిన అమ్మాయి ఆ సమయంలో కెమెరా ముందు ఉందో లేదో కూడా చెప్పలేం. చాలాసార్లు ముందే తీసిపెట్టుకున్న వీడియోను అవతలి తెర మీద ఆడిస్తారు. మైకు పనిచేయడం లేదంటారు, టైపు చేసే మాట్లాడతారు, ఫలానా చేయి ఎత్తమంటే ఎత్తరు.

ఇప్పుడు చేయవలసిన పని. అతని ఫోను లాక్కోకండి, అతని పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి చేయండి.

ముందు ఆధారాలు. మొత్తం సంభాషణను తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. బెదిరించిన ఖాతా పేరు ఒక్కటే సరిపోదు, దాన్ని క్షణంలో మార్చుకోవచ్చు. ఆ ప్రొఫైల్ లింకును కాపీ చేసి పెట్టుకోండి. ఫోను నంబరు ఉంటే దేశం కోడ్‌తో సహా రాసుకోండి. డబ్బు ఎక్కడికి వెళ్లిందో చూపే వివరాలు అన్నిటికన్నా విలువైనవి: ఖాతా నంబరు, లావాదేవీ నంబరు, క్రిప్టో అయితే వాలెట్ చిరునామా, గిఫ్ట్ కార్డు అయితే దాని నంబరు, కొన్న రసీదు. వాటంతట అవే మాయమయ్యే సందేశాలు అయితే ఆ అమరికను ఆపేయండి. స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివారికి తెలిసిపోయే యాప్ అయితే ఇంకో ఫోనుతో తెరను ఫోటో తీయండి. సిగ్గుతో చాలామంది మొదట చేసే పని చాటింగ్ మొత్తం చెరిపేయడం. అలా చేస్తే పోలీసుల చేతికి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

ఆధారాలు భద్రపరిచాక ఆ ఖాతాను యాప్‌లోనే రిపోర్ట్ చేయండి, ఆ తర్వాత బ్లాక్ చేయండి. వరస ఇదే ఉండాలి, ఎందుకంటే బ్లాక్ చేశాక కొన్నిచోట్ల సంభాషణ కనిపించదు. బ్లాక్ చేసే ముందు తిట్టవద్దు, బతిమాలవద్దు, “పోలీసులకు చెప్పాం” అని బెదిరించనూ వద్దు. ఏ జవాబైనా సరే, ఇటువైపు మనిషి ఇంకా చూస్తున్నాడని వాళ్లకు చెప్పినట్టే. కొత్త నంబర్ల నుంచి, కొత్త పేర్లతో కొద్ది రోజులు మళ్లీ రావచ్చు. ప్రతిదాన్నీ స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ చేయండి, ఒక్కదానికీ జవాబివ్వకండి.

అతని ఖాతాను ప్రైవేట్‌గా మార్చి, స్నేహితుల జాబితా ఎవరికీ కనబడకుండా దాచండి. కొన్నాళ్లు ఖాతాను తాత్కాలికంగా నిలిపివేయాలనుకుంటే ఆధారాలన్నీ తీసుకున్నాక అలాగే చేయవచ్చు, పూర్తిగా తొలగించడం మాత్రం వద్దు. డబ్బు పంపిన బ్యాంకుకు వెంటనే ఫోను చేసి, బెదిరించి వసూలు చేశారని చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ. క్రిప్టోలోనో, గిఫ్ట్ కార్డుల్లోనో వెళ్లినది తిరిగి రావడం చాలా కష్టం, అయినా ఫిర్యాదులో ఆ వివరాలు ఉండి తీరాలి.

పోలీసుల దగ్గరికి వెళ్తే కక్ష పెంచుకుంటారేమోనని అడిగారు. మీరు చెబితే తప్ప వాళ్లకు తెలిసే దారి లేదు. ఫిర్యాదు సంగతి ఎవరూ వాళ్లకు ఫోను చేసి చెప్పరు. భారతదేశంలో ఉంటే 1930 నంబరుకు ఫోను చేయండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. అమెరికాలో అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ నడిపే ఐసీ3 అనే ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదు కేంద్రం ఉంది. బ్రిటన్‌లో అంతరంగిక చిత్రాలతో వేధింపులకు గురైన పెద్దవారి కోసం రివెంజ్ పోర్న్ హెల్ప్‌లైన్ ఉంది. ఏ దేశమైనా సైబర్ నేరాల విభాగం వారికి ఇవి కొత్త కేసులు కావు. అక్కడ ఎవరైనా “ఎందుకు చేశావ్” అంటూ మొదలుపెడితే మీరు పక్కన ఉండి మాటను నేరం వైపు తిప్పండి: డబ్బు ఏ ఖాతాకు వెళ్లిందో, బెదిరింపు ఏ నంబరు నుంచి వచ్చిందో చూపండి. ఫిర్యాదు నంబరు తీసుకోకుండా వెనక్కి రాకండి.

రెండో మోసం పొంచి ఉంటుంది, దాని గురించి గట్టిగా హెచ్చరిస్తున్నాను. బ్లాక్ చేసిన ఒకటి రెండు రోజుల్లో “పోలీసు అధికారిని మాట్లాడుతున్నాను, మీ మీద ఆ అమ్మాయి కేసు పెట్టింది, పరిష్కరించుకోవాలంటే డబ్బు కట్టాలి” అని ఫోను రావచ్చు. వీడియోల సైటు ఉద్యోగినంటూ, తొలగింపు రుసుము అడుగుతూ ఇంకొకరు రావచ్చు. చాలాసార్లు వీళ్లు అదే ముఠాలోని మనుషులే. కేసు మూసేయడానికి ఏ పోలీసూ ఫోనులో డబ్బు వేయమనడు. ఇంకో రకం మరీ దారుణం. ఇంటర్నెట్‌లో సాయం కోసం వెతికేవారిని పట్టుకుని “బెదిరిస్తున్నవాడి ఫోను హ్యాక్ చేసి మీ వీడియో చెరిపేస్తాం” అని ముందుగానే డబ్బు గుంజుతారు. అలా చెరిపే శక్తి వాళ్లకు లేదు. మీ బాధ బయట ఎక్కడైనా రాసుకుంటే, కింద వచ్చే మొదటి సలహాల్లో ఇవి ఉంటాయి. ఆ నంబర్లకు ఫోను చేయకండి.

వీడియోను అడ్డుకునే నిజమైన దారి ఒకటుంది, దానికి రుసుము లేదు. స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సేవ 2021 డిసెంబరులో మొదలైంది, 18 నిండినవారి చిత్రాల కోసం. చిత్రం తీసిన నాటికి 18 నిండని వారికోసం తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం అమెరికాలో పనిచేసే ఎన్‌సీఎంఈసీ సంస్థ 2023లో టేక్ ఇట్ డౌన్ అనే సేవను తెచ్చింది. రెండూ పనిచేసే పద్ధతి ఒకటే. మీ చిత్రం గానీ వీడియో గానీ మీ ఫోను దాటి ఎక్కడికీ వెళ్లదు. ఫోనులోనే దానికి హ్యాష్ అనే సంకేతం తయారవుతుంది, అది ఆ ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఆ సంకేతం ఒక్కటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ వంటి భాగస్వామ్య సంస్థలకు చేరుతుంది. అదే ఫైలును ఎవరైనా అక్కడ పెట్టబోతే గుర్తించి ఆపగలుగుతారు. దీనికి పరిమితులు ఉన్నాయి. చిత్రాన్ని బాగా మార్చేస్తే సంకేతం కలవకపోవచ్చు, ఈ ఏర్పాటులో చేరని సైట్లలో ఇది పనిచేయదు. అయినా తప్పక చేయండి. వాళ్లు మీ తమ్ముడికి పంపిన వీడియో ఫోనులో ఉంది కదా, దానితోనే సంకేతం తయారవుతుంది. చెరపవద్దన్నది ఇందుకు కూడా. గూగుల్ వెతుకులాటలో అలాంటి చిత్రం కనబడితే దాన్ని ఫలితాల నుంచి తీసేయమని కోరే దరఖాస్తు గూగుల్‌లోనే ఉంది.

బాధితులు పిల్లలైతే ఒక జాగ్రత్త. ఆ చిత్రాన్ని రుజువు కోసమని కూడా ఇంకెవరి ఫోనుకూ పంపకండి, బంధువులకైనా, లాయరుకైనా. మైనర్ల అశ్లీల చిత్రాలను పంపడమే చాలా దేశాల్లో నేరం. ఫోనును ఉన్నది ఉన్నట్టుగా పోలీసులకు చూపండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. తిండి మానేశాడు, తలుపు వేసుకున్నాడు అని రాశారు. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2022 డిసెంబరులో ఎఫ్‌బీఐ ఒక హెచ్చరిక విడుదల చేసింది. అంతకు ముందు ఏడాది కాలంలో మైనర్ల మీద జరిగిన ఇలాంటి బెదిరింపుల గురించి 7,000కు పైగా ఫిర్యాదులు వచ్చాయనీ, బాధితుల్లో ఎక్కువమంది మగపిల్లలేననీ, డజనుకు పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారనీ అందులో ఉంది. అదే ఏడాది మార్చిలో మిషిగన్ రాష్ట్రంలో 17 ఏళ్ల అబ్బాయి ఇలాగే చనిపోయాడు. అపరిచిత ఖాతా నుంచి సందేశం వచ్చిన కొన్ని గంటల్లోనే అంతా జరిగిపోయింది. బెదిరించిన ఇద్దరు అన్నదమ్ములను నైజీరియా నుంచి రప్పించి, 2024లో ఒక్కొక్కరికీ పదిహేడున్నరేళ్ల జైలుశిక్ష వేశారు. దూరదేశంలో ఉన్నంత మాత్రాన దొరకరన్నది నిజం కాదు. కానీ ఆ అబ్బాయికి ఆ రాత్రి కావలసింది పక్కన ఒక మనిషి.

కాబట్టి తలుపు తట్టండి. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని సూటిగానే అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని భయపడవద్దు, అలా జరగదు. పైగా అడిగినవారితోనే మనసు విప్పుతారు. అవునంటే అతని పక్కనే ఉండండి, వెంటనే అత్యవసర సేవలకు గానీ ఆత్మహత్యల నివారణ సహాయ కేంద్రానికి గానీ ఫోను చేయండి. వినాల్సిన మాట అతనికి ఒక్కటే: “నీ మీద నేరం జరిగింది, దీన్ని మనం కలిసి చూసుకుందాం.” ఎందుకు కాల్ ఎత్తావు, బుద్ధి ఏమైంది అనే ప్రశ్నలు ఈ వారం వద్దు.

అందరి విషయంలో ఇదే పద్ధతి చెల్లదు. బెదిరించేవాడు అపరిచితుడు కాక తెలిసినవాడైతే, ఉదాహరణకు మాజీ ప్రియుడు, విడిపోయిన భర్త, కలిసి చదివినవాడు అయితే, లెక్క మారిపోతుంది. అతనికి కావలసింది డబ్బు కాదు, అదుపు. తిరిగి రమ్మనడం, కలవమనడం, కేసు వెనక్కి తీసుకోమనడం అతని షరతులు. ఇలాంటివాడు కోపంలో నిజంగానే బయటపెట్టే అవకాశం ఎక్కువ, శారీరకంగా దాడి చేసే ప్రమాదమూ ఉంది. అందుకని ఊరికే బ్లాక్ చేసి ఊరుకోవడం ఇక్కడ చాలదు. “చివరిసారి మాట్లాడుకుందాం, ఎదురుగానే డిలీట్ చేస్తాను” అంటే ఒంటరిగా వెళ్లకండి. అతను ఎవరో, ఎక్కడ ఉంటాడో తెలుసు కాబట్టి పోలీసులకు ఇది అపరిచితుల కేసుకన్నా సులువు. చిత్రం ఇష్టపూర్వకంగా ఇచ్చినా, దాన్ని బయటపెట్టే హక్కు అతనికి లేదు. అతనికి తెలిసిన పాస్‌వర్డ్‌లు, అతని ఫోనులో తెరిచి ఉన్న మీ ఖాతాలు, కలిసి వాడిన క్లౌడ్ నిల్వ, అన్నీ ఆ రోజే మార్చేయండి.

డబ్బుకు బదులు మరిన్ని చిత్రాలు అడిగేవాడు ఇంకా ప్రమాదకరం, వాడి గురి ఎక్కువగా పిల్లల మీదే. కెనడాకు చెందిన అమాండా టాడ్‌ను ఒకడు చాలా నకిలీ ఖాతాలతో ఏళ్ల తరబడి వెంటాడి వేధించాడు. 2012 అక్టోబరులో, 15 ఏళ్ల వయసులో ఆమె ప్రాణం తీసుకుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఆ నేరస్థుడికి 2022లో కెనడా కోర్టు 13 ఏళ్ల శిక్ష వేసింది. ఇక్కడ ఒక్క చిత్రం కూడా అదనంగా పంపకపోవడం ముఖ్యం, పంపిన ప్రతిదీ తర్వాతి బెదిరింపుకు సరుకవుతుంది.

ఇక ఈమెయిల్ రకం. “నీ కెమెరాతో నిన్ను రికార్డు చేశాను, ఇదిగో నీ పాస్‌వర్డ్” అని మెయిల్ వస్తుంది. 2018 నుంచి ఇవి వెల్లువలా తిరుగుతున్నాయి. ఆ పాస్‌వర్డ్ ఏదో పాత సైటు నుంచి లీకైనది, రికార్డు చేసిన వీడియో దాదాపు ఎప్పుడూ ఉండదు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చి, మెయిల్‌ను స్పామ్‌గా గుర్తించి వదిలేయండి.

ఫోటోలు పంపేవారికే ఇవన్నీ జరుగుతాయని ఎవరైనా అంటే ఫిన్లాండ్ సంగతి చెప్పండి. వస్తామో అనే మానసిక చికిత్స కేంద్రాల సంస్థ నుంచి రోగుల రికార్డులను ఒకడు దొంగిలించి, 2020లో సుమారు 33,000 మంది రహస్యాలు చేతిలో పెట్టుకుని, చాలామందికి నేరుగా మెయిళ్లు రాసి డబ్బు అడిగాడు. 2024 ఏప్రిల్‌లో అతనికి ఆరేళ్ల మూడు నెలల జైలుశిక్ష పడింది. ఆ రోగులు చేసిందల్లా డాక్టరుకు తమ బాధ చెప్పుకోవడమే. ఇప్పుడైతే మామూలు ప్రొఫైల్ ఫోటో నుంచే డీప్‌ఫేక్, అంటే కంప్యూటర్‌తో సృష్టించిన నకిలీ చిత్రం, తయారవుతోంది, 2023 జూన్‌లో ఎఫ్‌బీఐ దీని మీదా హెచ్చరించింది. అప్పు ఇస్తామనే కొన్ని యాప్‌లు కాంటాక్ట్‌లకూ, ఫోటోలకూ అనుమతి తీసుకుని, వాటితోనే ఇలా బెదిరిస్తున్నాయి. అప్పుకూ మీ ఫోటోలకూ సంబంధమేమిటో ఆ అనుమతి ఇచ్చే ముందే అడగాలి.

జాగ్రత్తల్లో నేను దేనికి ఎక్కువ విలువ ఇస్తానో చెబుతాను. స్నేహితుల జాబితాను దాచడం, అన్ని ఖాతాలకూ వేరువేరు పాస్‌వర్డ్‌లు, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడగడం), ఇవి ఒక గంట పని. పరిచయమైన రోజే ఇంకో యాప్‌లోకి, వెంటనే వీడియో కాల్‌లోకి రమ్మనేవారిని అక్కడే ఆపాలి. వీటన్నిటికన్నా బలమైన రక్షణ ఇంట్లో ముందుగా చెప్పే ఒక మాట: “ఫోనులో ఏం జరిగినా నా దగ్గరికి రా, నీ ఫోను లాక్కోను, తిట్టను.” ఆ మాట విన్న పిల్లలు మొదటి బెదిరింపుకే వచ్చి చెబుతారు. వినని పిల్లలు డబ్బు పంపి, అప్పులు చేసి, చివరికి వస్తారు. కొందరు రారు.

నాన్నగారికి చెప్పాలా అన్నారు. చెప్పండి, కానీ మీ తమ్ముడు ఒప్పుకున్నాక, అతని ఎదుటే, మీ నోటితో చెప్పండి. ముందు నేరం గురించి చెప్పండి: ఒక ముఠా వీడిని మోసగించి డబ్బు గుంజుతోంది, ఫిర్యాదు చేశాం, బ్యాంకుకు చెప్పాం. వీడియో సంగతి ఆ తర్వాత ఒక్క వాక్యంలో చాలు. ఆయనకు వివరాలు అక్కర్లేదు, వీడియో చూపవలసిన పని అసలే లేదు. ఆయనకు ఒక పని అప్పగించండి, బ్యాంకుకో పోలీసు స్టేషన్‌కో తోడు రమ్మనండి. చేతిలో పని ఉన్న తండ్రి కోపం కన్నా ముందు లేచి బయల్దేరుతాడు. ఆయన తెలుసుకున్నాక, బెదిరించేవాడు పట్టుకున్న ముఖ్యమైన పేరు ఒకటి జాబితాలోంచి పోయినట్టే.

దగ్గరి బంధువులకు, స్నేహితులకు మీ తమ్ముడి పేరు మీదే ఒక చిన్న సందేశం వెళ్తే మంచిది: “నా పేరుతో ఎవరో బెదిరింపులకు పాల్పడుతున్నారు. తెలియని ఖాతా నుంచి లింకు గానీ వీడియో గానీ వస్తే తెరవకండి, ఎవరికీ పంపకండి, ఆ ఖాతాను రిపోర్ట్ చేయండి. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం.” ఇంతకు మించి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. ఒకవేళ ఎవరికైనా వీడియో చేరి వాళ్లు అడిగితే, ఆ పంపిన ఖాతా స్క్రీన్‌షాట్, ప్రొఫైల్ లింకు తీసి పెట్టమనండి, వీడియోను మాత్రం చెరిపేయమనండి. ఆ స్క్రీన్‌షాట్‌ను మీ ఫిర్యాదు నంబరుకు జతచేయించండి.